రెండు చేతిరాతల అన్న

మా అన్న పోయి మూడు వారాలైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, కాఫీ తాగి, మెల్లగా అడుగుతారు: "యుద్ధంలో ఇమానంలో నుంచి దూకినాడంట గదమ్మా, ఎట్లాంటి మనిషి?" పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి. ఇంతకంటే సులువైన ప్రశ్న ఉండదు. అయినా నోరు తెరిచేసరికి నాకు ఇద్దరు కనిపిస్తారు. ఒకరు మా ఇంట్లో తిరిగిన అన్న. ఇంకొకరు ఉత్తరాల్లో వచ్చిన అన్న. ఎవరి గురించి చెప్పాలో తేలక, "మంచోడేనమ్మా" అంటాను. వాళ్ళు తలాడించి వెళ్ళిపోతారు.

ఇంట్లో తిరిగిన అన్న మాటలు తక్కువ మనిషి. నిలబడితే రెండు పాదాలూ జోడించి నిలబడేవాడు. బస్సు దిగినా, గట్టు దిగినా రెండు కాళ్ళూ ఒక్కసారే నేలకు ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, క్షణం ఆగి అప్పుడు నడిచేవాడు. దుప్పటి ఎవరైనా అడ్డదిడ్డంగా మడిస్తే చూడలేడు. ఏమీ అనడు, వచ్చి మన చేతుల్లోంచి తీసుకుని, విప్పి, లోపలి గాలి పోయేలా అరచేత్తో ఒత్తుకుంటూ మళ్ళీ మడుస్తాడు. ఇంట్లో ఎవరు దేనికి భయపడినా ఆయన అనే మాట ఒకటే: "పడితే నేల మిందే గదా పడేది." అది ధైర్యం చెప్పడమో, బెదిరించడమో మాకెవరికీ ఎప్పుడూ అర్థం కాలేదు.

ఉత్తరాల సంగతి మదనపల్లెతో మొదలైంది.

మేము పుంగనూరులో మిషన్ ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాయన మిషన్ బడిలో పంతులు. అమ్మ ఆసుపత్రిలో ఆయా. తాతల కాలం దాకా కూలికి పోయిన ఇల్లు మాది. కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు అన్న. మదనపల్లె ఎంత దూరమని, పొద్దున బస్సెక్కితే ఎండ ముదరక ముందే చేరతాం. అయినా హాస్టల్లో చేరిన వారం నుంచే కార్డులు మొదలుపెట్టాడు. ఒకే కార్డు మీద రెండు రకాల తెలుగు. పైన నాయనకు, పంతులుగారు తప్పులు పడతారని, గ్రాంథికం: "పూజ్యులైన తండ్రిగారికి అనేక వందనములు చేసి వ్రాయునది." కింద, చోటు చాలక, చీమల్లాంటి అక్షరాలతో అమ్మకు: "మా, ఊరుబిండి అయిపోయింది. రూములో వాళ్ళు తినేసినారు. ఈతూరి మిరపకాయలు ఎక్కువేసి నూరు, ఎవురూ తాకరు. పాప నా పుస్తకాలు ముట్టుకుంటే వీపు పగలగొట్టు." పాప అంటే నేను.

నాయన పై భాగం గొంతు సవరించుకుని చదివి, కార్డు గూట్లో పెట్టబోయేవాడు. అమ్మకు చదువు రాదు. కానీ తనకు రాసింది ఎక్కడుందో తెలుసు. "ఆ చీమల్ని గూడా సదువు," అనేది. ఆ కార్డుల్లో ఎవరి ఆరోగ్యమూ అడిగిన పాపాన పోలేదు. కావలసినవి తెప్పించుకోవడం, నన్ను బెదిరించడం, అంతే. అన్న మాట తీరూ అదే కాబట్టి, కార్డు వస్తే మనిషే గడప దాటి వచ్చినట్టుండేది.

ఇంటరు పరీక్షలకు ముందు మిలిటరీలో వైద్యం పనికి కుర్రాళ్ళను తీసుకుంటున్నారని విని, మాతో ఒక్క మాటయినా అనకుండా చేరిపోయాడు. సంగతి కార్డు మీదే తెలిసింది. నాయన చాలా రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అమ్మ మాత్రం, ఆసుపత్రి పనే గదా అని నిమ్మళపడింది. ఆ నిమ్మళం ఏడాది కూడా నిలవలేదు. ఉత్తరాది నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గాయపడినవాళ్ళకు కట్లు కట్టే పనే, కాకపోతే విమానంలో నుంచి గుడ్డ గొడుగు కట్టుకుని దూకి, కింద దిగాక కట్టాలి. తనకు తానే అడిగి అందులో చేరాడట.

ఇది మా ఇంట్లో ఎవరి తలకూ ఎక్కలేదు. "ఇమానం సెడిపోతే దూకాల. బాగుండే ఇమానంలో నుంచి యాల దూకేది?" అని అమ్మ. ఉత్తరం పట్టుకుని అమ్మ ఆసుపత్రి దొరసాని దగ్గరికి వెళ్ళింది, వెంట నేను. ఆమె డాక్టరు, తెలుగు శుభ్రంగా మాట్లాడేది. చేతిరుమాలు నాలుగు మూలలకూ దారాలు కట్టి, కొసలకు ఒక రాయి వేలాడదీసి, మేడ మీద నుంచి వదిలింది. రుమాలు ఉబ్బింది. రాయి ఊగుతా ఊగుతా వచ్చి పూలకుండీల పక్కన మెత్తగా దిగింది. చూశావా, ఏమీ కాలేదని దొరసాని పైనుంచి చెప్పింది. అమ్మ ఆ రాయిని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాయి గాబట్టి సరిపోయిందమ్మా," అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు చీమల అక్షరాలు వస్తూనే ఉన్నాయి. అక్కడక్కడా మిలిటరీవాళ్ళు సిరా పూసి చెరిపేసిన వరుసలు ఉండేవి. నాయన వాటిని ఎండకు ఎత్తి పట్టి చూసేవాడు. ఏమీ కనిపించేది కాదు. తర్వాత ఒక వేసవి అంతా ఏ ఉత్తరమూ లేదు. బర్మా సరిహద్దు కొండల్లో పెద్ద యుద్ధం జరిగిందని పేపర్లో వచ్చింది. నాయన ఆ పేపరు ఇంటికి తేకుండా బడిలోనే పెట్టాడు.

వానలు పడ్డాక ఉత్తరం వచ్చింది. నాయన విప్పి ఇంకా చదవక ముందే, పక్కనుంచి తొంగి చూసిన అమ్మ, "ఇది వాడు రాసింది కాదు," అంది. చదువు రాని మనిషి అందరికంటే ముందు కనిపెట్టింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, కుడివైపుకు ఒరిగి ఉన్నాయి. "ప్రియమైన అమ్మకు వందనాలు. ప్రభువు దయ వల్ల నేను క్షేమం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? వానకాలం ఎక్కువవుతాది, ఆముదం కాచి రాయించుకో. చింతచిగురు పప్పు మీద మనసు పోతాంది. తంగచ్చి బాగా చదువుకుంటాందా?" ఇట్లా రెండు పేజీలు. ఎర్రముక్కు పిట్ట ఒకటి రోజూ గుడారం మీద వాలుతుందని కూడా ఉంది. అట్టడుగున మాత్రం అన్న సంతకం, చీమల్లాగే.

మేము ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తంగచ్చి ఎవరని నేనడిగితే, కుప్పం వైపు అరవం కలిసిన తెలుగులో చెల్లెలిని అట్లా అంటారని నాయన చెప్పాడు. అన్న నన్ను పాపా అనడమే తప్ప ఆ మాట ఎరగడు. చింతచిగురు పప్పు వాసనే పడదు. ఇక మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఏనాడూ లేవు. నీళ్ళ బిందె చంకనెత్తుకుని పరుగెత్తే మనిషి.

"పోయినాడు నా కొడుకు. దొరలు ఎవురి చేతనో రాయిస్తాండారు," అంది అమ్మ. సంతకం ఉంది కదా అన్నాడు నాయన. అమ్మ ఆ సంతకం మీద వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

నెలకొకటి వంతున ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అన్నీ గుండ్రటి అక్షరాలే, కింద అదే సంతకం. చేతికి దెబ్బ తగిలిందేమో, తగ్గేదాకా ఎవరిచేతనో రాయిస్తున్నాడేమో అని నాయన తేల్చాడు. అమ్మ ఏం తేల్చుకుందో తెలియదు. కానీ మెల్లమెల్లగా ఆ ఉత్తరాల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. నువ్వు తిన్నావా, నిద్రపోతున్నావా, నాయనకు దగ్గు తగ్గిందా అని అడిగే కొడుకు ఆమెకు అంతకుముందు లేడు. "యుద్ధం వానికి మంచే సేసింది," అని ఆసుపత్రిలో చెప్పుకునేది. ఆదివారం మా గుడిలో ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు ఆ ఉత్తరాల్లో ప్రార్థన మాటలు ఉన్న చోట చదివి వినిపించేవారు. యుద్ధంలో ఉండి కూడా ఎంత భక్తి అని అందరూ అనుకునేవాళ్ళు. విని విని ఒకొక్క ఉత్తరం అమ్మకు మొత్తం నోటికి వచ్చేసింది. ఆముదం కూడా కాచి రాసుకునేది. ఎందుకమ్మా నీకు నొప్పి లేదు కదా అంటే, "వాడు సెప్పినాడు గదా," అనేది.

ఆ రోజుల్లోనే సోమల నుంచి సంబంధం వచ్చింది. పిల్ల అక్కడి చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. నాయన అన్నకు రాశాడు. జవాబు గుండ్రటి అక్షరాల్లో వచ్చింది: "మీ ఇష్టమే నా ఇష్టం. పిల్ల చదువుకున్నదంటే ఇంకా సంతోషం." కింద సంతకం. సోమలవాళ్ళు ఆ ఉత్తరం చూసుకుని మాట ఖాయం చేసుకున్నారు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అన్న వచ్చాడు. బస్సు ఆగాక రెండు కాళ్ళూ జోడించి దిగి, క్షణం ఆగాడు. అమ్మ ముందుగా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. ఆ పూట చింతచిగురు పప్పు చేసి పెట్టింది. అన్న పళ్ళెం వైపూ అమ్మ వైపూ చూసి, మొత్తం తిన్నాడు. ఎర్రముక్కు పిట్ట సంగతి అడిగితే, ఏ పిట్ట అన్నాడు. సోమలకు ఎప్పుడు పోదామని నాయన అడిగినప్పుడు మాత్రం అన్న అన్నం కలపడం ఆపాడు.

"సోమలలో ఎవురుండారు?"

నాయన ఉత్తరం తెచ్చి ముందు పెట్టాడు. అన్న సంతకం చూసి, ఇది నాదే అన్నాడు. పైన రాసింది నేను కాదు, ఎప్పుడూ చదవలేదు అన్నాడు. ఎవరు రాశారంటే కుప్పమోడు, నాతోనే పని చేసేవాడు అన్నాడు. ఎందుకంటే మళ్ళీ అన్నం కలపసాగాడు. అవతల ఒక ఆడపిల్ల ఏడాదికి పైగా ఈ మాట మీద కూర్చుని ఉందని నాయన అన్నాడు. గొంతు పెంచలేదు. అమ్మ పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. రెండు రోజులు ఆమె కొడుకుతో మాట్లాడలేదు. కోపమని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఎవరితో మాట్లాడాలో తెలియక ఊరుకుందేమో.

ఆదివారం మధ్యాహ్నం అన్న నన్ను బడిలోకి పిలిచాడు. తన పేరుతో వచ్చిన ఉత్తరాలన్నీ తెమ్మన్నాడు. పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని, మొదటి నుంచి చదవమన్నాడు. చదివాను. కొన్నిచోట్ల నవ్వాడు. కొన్నిచోట్ల మళ్ళీ చదవమన్నాడు. అమ్మ నిద్ర గురించి అడిగినచోట కిటికీ వైపు తిరిగాడు. అన్నీ అయిపోయాక కాగితాలు తీసుకుని, అంచులు కలిపి మడిచాడు.

"శానా మంచోడు వీడు," అన్నాడు చివరికి.

"ఎవురు, అన్నా?"

"ఈ ఉత్తరాల్లో ఉండేవాడు. వీడే ఇంటికి వచ్చింటే బాగుండు."

నాకు భయం వేసింది. అమ్మతో చెప్పాను. అమ్మ మరుసటి వారమే కుప్పం ప్రయాణం కట్టింది. ఆ రాసినవాడిని చూడాలంది. బొగ్గు మీద నడిచే బస్సులో, అది ఎక్కలేని ప్రతి ఎత్తు దగ్గరా దిగి నడుచుకుంటూ, పలమనేరు మీదుగా అమ్మా, అన్నా, నేనూ వెళ్ళాం.

కుప్పమాయన రైలు గేటు దగ్గర కాపలా పని చేస్తున్నాడు. పొట్టి మనిషి, గలగలా మాట్లాడేవాడు. నుదుటి మీద విభూతి ఉంది. అమ్మ ఆ విభూతి వైపే చూస్తూ నిలబడిపోయింది. మా గుడిలో అందరూ మెచ్చుకున్న భక్తి ఈయనది.

"ప్రార్థన మాటలు యాడ నేర్చుకున్నావప్పా?" అని అడిగింది.

"వీడు రోజూ పండుకునే ముందర సెప్పుకుంటాడు గదమ్మా. విని విని వచ్చేసె."

అన్న ఎందుకు రాయలేదని అమ్మ అడిగింది. ఆయన అన్న వైపు చూశాడు. అన్న లేచి పట్టాల పక్కన నడుస్తూ దూరంగా వెళ్ళాడు. అప్పుడు కుప్పమాయన చెప్పాడు. కొండ మీద వీళ్ళను శత్రువులు చుట్టుముట్టారు. తాగడానికి నీళ్ళు లేవు. అన్న దగ్గర గాయపడినవాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు. కాలేజీ చదివినవాడని తెలిసి, ఇక బతకమని అనుకున్నవాళ్ళంతా అన్న చేత ఇళ్ళకు ఉత్తరాలు రాయించుకున్నారు. ఇంతలో రైలు వచ్చే వేళయింది. ఆయన లేచి వెళ్ళి గేటు వేశాడు. గూడ్సు బండి పొడవుగా, ఎంతకీ తరగకుండా పోయింది. గేటు తీసి, వచ్చి కూర్చుని మిగతాది చెప్పాడు.

"కొండ దిగి వచ్చేయమని ఆర్డరు వచ్చింది. మనుసుల్ని మోసేదానికే మేము సాల్లేదు. ఆ కాయితాల సంచి ఆడే పోయింది. ఆ పొద్దు నుంచి వీడు కాయితం ముందర పెట్టుకొని కూసుంటాడు, పెన్సిలు నములుతాడు, లేసిపోతాడు. ఎన్ని దినాలని సూసేది? మీరు సచ్చిపోయినాడనుకుంటారు గదా. నేనే రాసి, సంతకం పెట్టరా అంటే పెట్టేవాడు. సదువుతానంటే వద్దనేవాడు."

సోమల సంబంధం గురించి అమ్మ అడిగింది. ఆయన తల గోక్కున్నాడు. "ఏం రాయాలని అడిగితినమ్మా. నీ ఇష్టం అనె. నాకు మంచిదనిపించింది రాసేస్తి."

అప్పుడు గుడిసెలో నుంచి ఒక ముసలామె గోడ పట్టుకుని వచ్చింది. ఒక్కో అడుగు వేసి ఆగుతోంది. ఆయన తల్లి. మోకాళ్ళు వాచి ఉన్నాయి. అమ్మ ఆ మోకాళ్ళ వైపు చూసి, తర్వాత ఆయన వైపు చూసింది. ఆయన గేటు వైపు చూస్తున్నాడు.

ముసలామె అమ్మ పక్కన కూర్చుంది. "నా కొడుకు నీకు జాబులు రాసినాడంట గదా. ఏం రాసినాడమ్మా? నాకు ఒగటీ రాలే," అంది.

"నీకు రాస్తే ఈ పక్క సదివేవాళ్ళు యాడుండారు మా," అన్నాడు ఆయన అటు తిరిగే.

అమ్మ కాసేపు కొంగు సర్దుకుంది. తర్వాత ఆ ముసలామె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నోటికి వచ్చిన ఉత్తరం మొదటి నుంచి చెప్పింది. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది అని మొదలుపెట్టి, ఆముదం, చింతచిగురు పప్పు, ఎర్రముక్కు పిట్ట, అన్నీ. ఒక్క మాట వదలలేదు. ఒకటి కాగానే ఇంకొకటి చెప్పింది. ముసలామె అమ్మ నోటినే చూస్తూ, మధ్య మధ్య "ఆఁ, ఆఁ" అంటూ వింది. చిత్రమేమంటే, ఆ మాటలు ఆమెకు చెబుతుంటే అన్నీ సరిపోయాయి. మా ఇంట్లో అంతకాలం ఏదీ సరిపోలేదు. కుప్పమాయన లేచి గేటు దగ్గరికి వెళ్ళాడు. రైలేమీ రాలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ అన్నతో మాట్లాడింది. ఆకలిగా ఉందా అని మాత్రమే. అన్న ఉందన్నాడు.

ఆ వారంలోనే అన్న ఒక్కడే సోమలకు వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత వదిన చెబితే తెలిసింది. బడి వదిలేదాకా ఎండలో నిలబడి, పిల్లలు వెళ్ళాక వచ్చి, పేరు చెప్పుకుని, ఆ ఉత్తరం రాసింది నేను కాదు అన్నాడట. అంత బాగా మాట్లాడడం నాకు రాదు, వద్దంటే చెప్పు, తప్పు నా మీద వేసుకుని పోతాను అన్నాడట.

"ఆ ఉత్తరం మా నాయన సదువుకున్నాడు. నాకు సూపించలేదు," అందట వదిన. "మాట్లాడేది రాదంటివే, ఇంతసేపూ ఎవురు మాట్లాడింది?"

అన్న పాదాలు జోడించుకుని నేల చూశాడట. అయినా వెళ్ళిపోలేదు. వదినకు అదే నచ్చిందట.

పెళ్ళికి కుప్పమాయన తల్లిని బండి మీద పడుకోబెట్టుకుని వచ్చాడు. అన్నకు ఆసుపత్రిలోనే మందులు కలిపే పని దొరికింది. సీసాల మీద మందు పేరు రాసేవాడు, అంతే. ఎవరికీ ఉత్తరం రాయలేదు, నాయన ఊరికి పోయినా, నేను ట్రైనింగుకు పోయినా. మేమూ అడగడం మానేశాం.

వదిన కాన్పుకు సోమలకు వెళ్ళింది. ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చిన పొద్దున, అన్న పోస్టాఫీసు నుంచి కార్డు తెచ్చుకుని బడిలో బెంచీ మీద కూర్చున్నాడు. నాయన ఆ పక్కకు ఎవరినీ పోనివ్వలేదు. మధ్యాహ్నానికి బయటికి వచ్చి కార్డు డబ్బాలో వేశాడు. వేసి ఇంటికి వచ్చి, ఇంట్లో ఉండలేక, చొక్కా మార్చుకుని సోమల దారి పట్టాడు. బస్సు దొరికినంత దూరం బస్సులో, మిగతాది నడిచి, చీకటి పడక ముందే చేరాడు.

కార్డు రెండు రోజుల తర్వాత చేరింది. అన్న అప్పుడు బిడ్డను ఒళ్ళో వేసుకుని వసారాలో కూర్చుని ఉన్నాడట. వదిన కార్డు తీసుకుని, వెనకా ముందూ చూసి, అందరికీ వినిపించేలా చదివింది. ఉన్నది ఒక్క వరుసే: "బయల్దేరతాండాను."

"మా ఆయన ఇప్పుడే బయల్దేరతాండాడంట," అంది వదిన తన తల్లితో. "ఇంగో మనిసికి గూడా బియ్యం పొయ్ మా."

అన్న ఆ కార్డు ఇమ్మని చెయ్యి చాచాడట. వదిన ఇవ్వలేదు.